బండి త్రాగు నీటి లెక్క

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పన్నులు, నిధులు, గ్రామసభలను గూర్చి చెప్పుకొనుచున్న ఈ తరగతిలో ట్రాక్టరు ఇంజను వేడిని గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి కార్యక్రమము ప్రారంభమైనది. ఆనాడు తెలంగాణమున వేలాది గ్రామ పంచాయతీలుండెను. ఆ కార్యక్రమము ఫలితముగా పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. అప్పటినుండి ఇంటింటి చెత్త ఎత్తుట, రోడ్డు ప్రక్క మొక్కలకు నీరు పోయుట, పైపులైను చెడినప్పుడు వాడకు నీరు చేర్చుట, ఇవి యన్నియు ఆ బండి మీదనే ఆధారపడినవి. చిన్న పంచాయతీ చేతిలోనున్న వస్తువులలో అన్నిటికంటె విలువైనది బహుశః అదియే. దాని మరమ్మతు బిల్లు మీ ముందుకు వచ్చును. తీర్మానమునకు చేయి ఎత్తవలసినవారు మీరే. "రేడియేటరు పోయినది, క్రొత్తది వేయవలెను" అని చీటీ వచ్చినప్పుడు, అది నిజముగా పోయినదా అని అడుగుటకు మీకు మెకానిక్కు విద్య అక్కరలేదు. కొన్ని గుర్తులు తెలిసియున్న చాలును.

మేము చూచిన ఒక గ్రామమున జరిగిన సంగతి ముందుగా చెప్పెదము. ఊరి పేరు అనవసరము. ఎండాకాలము. ఉదయము చెత్త బండిగాను, మధ్యాహ్నము మొదలు నీటి ట్యాంకరుతోను ట్రాక్టరు తిరుగుచుండెను. దానిని నడుపువాడు పంచాయతీ మల్టీపర్పస్ వర్కరు. ప్రతి ఉదయము రేడియేటరు మూత తీసి చూచి, తగ్గిన మేరకు నీరు పోయుచుండెడివాడు. మొదట అర లీటరు, పదిహేను దినములకు లీటరు, పిమ్మట రెండు లీటర్లు. "సార్, బండి రోజు నీళ్లు తాగుతున్నది" అని కార్యదర్శికి చెప్పెను. ఒక వార్డు సభ్యునికిని చెప్పెను. ఎండాకాలము గదా, బండి కూడ త్రాగునని వారు నవ్విరి. ఆ మాట ఎవరును వ్రాసికొనలేదు.

ఒకనాడు నడుమ దారిలో గేజి ముల్లు ఎర్ర గీత దాటినది. మెకానిక్కు వచ్చి రేడియేటరు పోయినదనెను. సభలో కొంత వాదము జరిగి, క్రొత్త రేడియేటరుకు తీర్మానమైనది. వేల రూపాయలు ఖర్చయినవి. నాలుగవ దినమున ముల్లు మరల లేచినది. డ్రైవరు బండి ఆపి, తడి గోనెసంచి చేతికి చుట్టుకొని మూత త్రిప్పెను. లోపలి నీరు ఆవిరియై పైకి చిమ్మి అతని చేయి మోచేతివరకు, మెడ ఒక ప్రక్క కాలినది. తరువాతి సభలో సగము మంది అతని అజాగ్రత్త వలననే బండి చెడినదనిరి. ఆసుపత్రిలో ఉన్న దినములకు కూలి ఇయ్యరాదని కూడ ఒకరనిరి.

పట్టణమునుండి వచ్చిన వేరొక మెకానిక్కు ముందుగా ఇంజనాయిలు చూచు కడ్డీని బయటికి తీసెను. ఆయిలు నల్లగా లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉన్నది. హెడ్డు గ్యాస్కెట్టు తెగి, నీరు ఆయిలులో కలియుచున్నది. తక్కువ నీటితో అనేక దినములు వేడెక్కి నడిచినందున గ్యాస్కెట్టు తెగినది. మరి మొదట నీరెందుకు తగ్గెను? క్రింది హోసు పైపు క్లిప్పు దగ్గర వెండ్రుకవాసి చీలియున్నది. బండి చల్లగా ఉన్నప్పుడు అందుండి చుక్క కూడ రాదు. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రము నీరు సన్నగా చిమ్మి, వేడి ఇంజను మీద పడి ఆవిరైపోవుచుండెను. నేలమీద తడి కనబడకపోవుటకు కారణమదియే. కార్యాలయము వెనుక పడవేసిన పాత రేడియేటరుకు క్రింది నోరు బిగించి, నీరు నింపి ఒక రాత్రి ఉంచి చూచిరి. తెల్లవారుసరికి వ్రేలెడు నీరు కూడ తగ్గలేదు.

కొన్ని వందల రూపాయలు చేయు రబ్బరు గొట్టము కొరకు ఒక మంచి రేడియేటరు, ఒక గ్యాస్కెట్టు, ఒక మనుష్యుని చేతి చర్మము పోయినవి. దీనికంతకు ఆధారము మొదటి దినమునుండి ఆ డ్రైవరు నోటనే ఉన్నది. అతనిని అడిగి వ్రాసికొన్నవారే లేరు.

బండి నీరు త్రాగుట సహజమని అనుకొనుట ఒక పాత కాలపు భావము, ఒకప్పుడది నిజమే. 1886లో కార్ల్ బెంజి జర్మనీలో పేటెంటు పొందిన మోటారు బండికి నేటివంటి రేడియేటరు లేదు. ఇంజను చుట్టునున్న నీరు మరిగి ఆవిరైపోవుటచేతనే అది చల్లబడెడిది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజి తన ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండి మీద ప్రయాణము చేసినప్పుడు దారి పొడుగున నీరు పోసికొనుచు పోవలసివచ్చెను. తరువాత విల్హెల్ము మైబాహ్ అను ఇంజనీరు 1900 ప్రాంతమున మెర్సిడెసు బండికి తేనెపట్టువంటి రేడియేటరును తయారుచేసెను. అందు 8,070 సన్నని గొట్టములుండెను. నీటిని ఆవిరిగా పోనీయక, చల్లబరచి, అదే నీటిని మరల మరల వాడు పద్ధతి దానితో స్థిరపడినది. మీ పంచాయతీ ట్రాక్టరు ఈ జాతికి చెందినది. అది నీరు త్రాగరాదు. మంచి స్థితిలోనున్న బండికి వారముల తరబడి పైనుండి నీరు పోయనక్కరలేదు. దినదినము పోయవలసివచ్చినదనగా ఆ నీరు ఎక్కడికో పోవుచున్నదని అర్థము.

ఇచట ఒక మాట. కొన్ని ట్రాక్టర్లకు రేడియేటరే ఉండదు. ఐషర్ నమూనాలలో కొన్నింటి ఇంజన్లు గాలితోనే చల్లబడును. మీ బండి అట్టిదైనచో మేము నీటిని గూర్చి చెప్పునది మీకు పనికిరాదు. దుమ్మును గూర్చి చెప్పునది మాత్రము రెండింతలు వర్తించును.

డీజిలు ఇంజనులో ఇంధనము మండునప్పుడు లోపలి వాయువుల వేడి సుమారు 2000 డిగ్రీల సెంటీగ్రేడువరకు పోవును. పోత ఇనుము సుమారు 1200 డిగ్రీలకే కరగును. అయినను ఇంజను కరగక నిలుచుట, సిలిండర్ల చుట్టు తిరుగు నీటి వలననే. మీరు కొన్న డీజిలులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములకు పనికివచ్చును. మిగిలినది పొగగొట్టము ద్వారా కొంత, ఈ నీటి ద్వారా కొంత బయటికి పోవలెను. వాటరు పంపు నీటిని ఇంజనులో త్రిప్పును. వేడెక్కిన నీరు పై హోసు ద్వారా రేడియేటరులోనికి వచ్చి, సన్నని గొట్టములలో దిగుచు, ఫ్యాను లాగు గాలికి చల్లబడి, క్రింది హోసు ద్వారా మరల ఇంజనులోనికి పోవును. దారిలో థర్మోస్టాటు అను చిన్న తలుపున్నది. నీరు సుమారు 80 డిగ్రీలకు వచ్చువరకు అది మూసికొనియుండి, ఇంజనును త్వరగా కాకకు తెచ్చును, పిమ్మట తెరచుకొనును.

రేడియేటరు మూతను సామాన్యమైన డబ్బా మూత యని తలంపరాదు. అందొక స్ప్రింగు, రబ్బరు వాషరు ఉన్నవి. అవి లోపల ఒత్తిడిని నిలిపి ఉంచును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు మూతయైనచో, లోపలి నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 111 డిగ్రీల వద్ద మరుగును. అనగా 105 డిగ్రీల నీరు మూత క్రింద నిశ్చలముగా ఉండును. మూత త్రిప్పి ఒత్తిడి తీసిన క్షణముననే మరిగి పైకి లేచును. ఆ డ్రైవరు చేయి కాలినది ఇందువలననే. తడి గోనె దానికి అడ్డుకాదు. ఇంజను ఆపి కనీసము అరగంట గడిచి, పై హోసును ముట్టిన చేయి నిలుచునంత చల్లబడినపిమ్మటనే మూత జోలికి పోవలెను. ఈ ఒక్క నియమమును పెద్ద అక్షరములతో బండి మీద వ్రాయించుడు.

బండి వేడెక్కుచున్నదని వినగానే మీరు అడుగవలసిన మొదటి ప్రశ్న: నీరు తగ్గుచున్నదా, లేదా? తక్కినదంతయు ఈ ప్రశ్న మీదనే రెండు దారులుగా చీలును.

నీరు తగ్గుచున్నదనుకొందము. అది బయటికైనను పోవలెను, లోపలికైనను పోవలెను. బయటికి పోవుచున్నచో జాడ దొరకును. తెల్లవారుజామున, బండి కదలక మునుపు చూచుడు. హోసు క్లిప్పుల దగ్గర, రేడియేటరు అతుకుల దగ్గర, డ్రెయిను కాక్కు దగ్గర నీరు ఎండిన తెల్లని మరక గాని, కూలెంటు పోసిన బండియైనచో ఆకుపచ్చ లేక ఎర్రని మరక గాని ఉండును. హోసును చేతితో నొక్కినప్పుడు అది కొయ్యవలె గట్టిగా ఉన్నను, మురిగిన కాయవలె మెత్తబడినను మార్చవలసినదే. వాటరు పంపు ఇరుసు అడుగున చిన్న రంధ్రముండును. అందుండి చుక్కలు పడుచున్నచో పంపు సీలు పోయినదని తెలుపుటకే ఆ రంధ్రమును పెట్టిరి. దానిని సీలు ముద్దతో మూసి బాగుచేసితిమనువారిని మేము చూచితిమి. అది జబ్బును గాక, జబ్బు చెప్పు నోటిని మూయుటయే.

మూత రబ్బరు చిట్లినను నీరు పోవును. ఒత్తిడి నిలువదు గనుక నీరు త్వరగా మరిగి పొంగిపోవును. రేడియేటరుకు తీర్మానము చేయుటకు ముందు, బండి సామానులలో చాల చౌకైన ఆ మూతను మార్చి చూచిరా అని అడుగుట మీ హక్కు. క్రొత్త మూత మీది ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవలెను.

చిల్లుపడిన రేడియేటరులో పసుపు పొడి పోయు చిట్కా మన డ్రైవర్లలో చాలమందికి తెలియును. నడి అడవిలో బండి నిలిచినప్పుడు ఇల్లు చేరుటకది పనికివచ్చునేమో, మేము కాదనము. కాని చిల్లును మూయు పసుపు సన్నని గొట్టములను కూడ మూయును. ఇల్లు చేరినపిమ్మట రేడియేటరును కడిగి, చిల్లును అతికింపవలెను.

నీరు లోపలికి పోవుచున్నచో సంగతి తీవ్రము. గుర్తులు ఇవి. ఆయిలు కడ్డీ మీద పాల టీ రంగు. రేడియేటరు నీటి మీద నూనె తెట్టె. ఇంజను బాగుగా కాగినపిమ్మట కూడ పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి ఆగక వచ్చుట. చలికాలపు ఉదయమున మొదటి కొన్ని నిమిషములు ఆవిరి కనబడుట మాత్రము సహజమే. చల్లని ఇంజనుకు మూత తీసి, తరువాత స్టార్టు చేసి చూచినచో నీటిలో బుడగలు ఎడతెగక వచ్చుచుండును. ఇందులో ఏ ఒక్కటి కనబడినను ఆ బండిని ఇంకొక ట్రిప్పుకు పంపరాదు. ఆ దినము చెత్త నిలిచిపోయినను సరే, నిలిపివేయుడు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడదు. ఇంజను పట్టుకొనిపోయినచో ఖర్చు ఎన్నో రెట్లగును.

ఇక రెండవ దారి. నీరు తగ్గుట లేదు, అయినను బండి వేడెక్కుచున్నది. ఇప్పుడు రేడియేటరు ముందు నిలిచి దాని ముఖమును చూడుడు. పంచాయతీ ట్రాక్టరుకు ఇతర ట్రాక్టర్లకు లేని ఒక జాడ్యమున్నది. అది నిత్యము చెత్తలో తిరుగును. డంపింగు యార్డులో ఎగురు పలుచని ప్లాస్టిక్కు కవరు ఒకటి జాలీలోపలికి పోయి రేడియేటరుకు అంటుకొన్నచో చాలును. ఫ్యాను లాగుచున్నంతసేపు అది అక్కడనే నిలుచును, ఇంజను ఆపగానే జారిపోవును. వెతికినను కనబడదు. కోతల కాలమున ఊక, పొట్టు, దుమ్ము రేకుల నడుమ దట్టముగా పేరుకొనును. శుభ్రము చేయునప్పుడు నీటినిగాని గాలినిగాని ఇంజను వైపునుండి ముందు వైపునకు కొట్టవలెను, ఏలయన చెత్త వచ్చినది ముందునుండి. ముందునుండి కొట్టినచో అది మరింత లోపలికి దిగును. వాహనములు కడుగు పెద్ద ఒత్తిడి పంపును దగ్గరగా పెట్టినచో పలుచని రేకులు మడిగిపోయి గాలి దారియే మూసికొనును. దూరమునుండి, మెల్లగా కొట్టవలెను.

పిమ్మట ఫ్యాను బెల్టు. ఇంజను ఆపియుండగా నడుమ భాగమును బొటనవ్రేలితో నొక్కినప్పుడు సుమారు అర అంగుళము లోనికి పోవలెను. అంతకు మించి వ్రేలాడినచో జారుచున్నదని అర్థము. సాధారణముగా బ్యాటరీ చార్జి చేయు యంత్రమును కూడ ఆ బెల్టే త్రిప్పును. కావున వేడి ముల్లు లేచుట, చార్జి ఎర్రదీపము వెలుగుట రెండును ఒక్కసారి జరిగినచో, బెల్టు తెగినదేమోనని మొదట చూడవలెను.

బయట అంతయు బాగున్నచో లోపల చూడవలసియుండును. స్టార్టు చేసిన కొద్ది నిమిషములకే ముల్లు ఎర్రగీతకు పోయి, పై హోసు మాత్రము చల్లగానే ఉన్నచో థర్మోస్టాటు తెరచుకొనుట లేదని అనుమానింపవచ్చును. దానిని తీసి పారవేసి, బండి చల్లబడినదని సంతోషించు మెకానిక్కులు కలరు. ఎల్లప్పుడు చల్లగా నడుచు ఇంజను డీజిలు ఎక్కువ త్రాగును, సిలిండర్లు త్వరగా అరుగును. తీసినచో క్రొత్తది పెట్టుడు. బరువు లాగునప్పుడు మాత్రమే, మెల్లమెల్లగా వేడెక్కుచున్నచో రేడియేటరు గొట్టములలో పొర పేరుకొన్నదేమో చూడవలెను. వేడి బండిని ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచినపిమ్మట, రేడియేటరు ముఖమునకు చేయి దగ్గరగా పెట్టి పైనుండి క్రిందికి జరిపినచో, మూసికొనిపోయిన చోట్లు చుట్టుప్రక్కలకంటె చల్లగా తోచును.

కొన్ని సమయములలో తప్పు గేజిదే యగును. 2020లో కోవిడు వచ్చినప్పుడు నుదుటి వేడి చూచుటకు తుపాకివంటి పరికరములు పంచాయతీలలో వాడితిరి. మెకానిక్కుల దగ్గర అట్టిదే ఒకటుండును. దానితో ఇంజను వేడిని కొలిచి గేజి నిజము చెప్పుచున్నదో లేదో తేల్చవచ్చును. మీ బీరువాలోని దానితో ప్రయత్నింపవద్దు, అది మనుష్యుల జ్వరమునకు మించి చదువలేదు.

రేడియేటరులో పొర ఎందుకు పేరుకొనునో మీ ఇంటి ఆడవారికి బాగుగా తెలియును. బోరు నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పెంకు కట్టుట లేదా? నీటిలోని సున్నపు లవణములు వేడికి విడివడి గోడలకు పట్టుకొనును. ఇంజనులోను అంతే. ఆ పెంకు వేడిని బయటికి పోనీయదు. దినమునకు రెండు లీటర్ల బోరు నీరు పోయుట వలన నీటితో పాటు రెండు లీటర్ల లవణము కూడ కొంచెము కొంచెముగా లోపల చేరుచున్నది. నీరు ఆవిరియై పోవును, లవణము పోదు. చెరువు నీరైనచో బురద అదనము. బ్యాటరీలలో పోయు డిస్టిల్డు నీరు శ్రేష్ఠము. కూలెంటు కలుపుట ఇంకను మంచిది. మన దేశభాగమున నీరు గడ్డకట్టదు గదా, కూలెంటెందుకని కొందరందురు. అది తుప్పును ఆపును, మరుగు వేడిని పెంచును. ఎంత పాలున కలుపవలెనో, ఎన్ని గంటల పనికి మార్చవలెనో బండితో వచ్చిన పుస్తకములో ఉన్నది; ఒక రకము మీద వేరొక రకము పోయరాదు. ఇంకొక హెచ్చరిక: కూలెంటులో సామాన్యముగా ఉండు ఇథిలీన్ గ్లైకాలు విషము, రుచికి తీయన. కుక్కలు, దూడలు నాకును. పాత కూలెంటును వీధి కాలువలో గాని పశువుల తొట్టి దగ్గర గాని పారబోయరాదు, నీళ్ల సీసాలో నిలువ చేయరాదు.

దారిలో ముల్లు ఎర్రగీత చేరినచో డ్రైవరు ఏమి చేయవలెను? ఆవిరి లేవకున్నచో బరువు లాగుట ఆపి, నీడకు చేర్చి, ఇంజనును మెల్లగా కొన్ని నిమిషములు తిరుగనిచ్చి చూడవలెను. నీరు తిరుగుచు వేడి దిగును. ఆవిరి లేచుచున్నచో వెంటనే ఆపివేయవలెను. ట్యాంకరులో చల్లని నీరున్నది గదా అని కాగిన ఇంజనులో పోసినచో హెడ్డు పగులును. ఈ మాట వినుట సులభము. వాడలో బిందెలతో జనము ఎదురుచూచుచుండగా ఆ డ్రైవరు గంటసేపు ఆగుట సులభము కాదు. అట్లు ఆగినవానిని ఆలస్యమైనదని తిట్టకుండుట మీ బాధ్యత. తిట్టినచో మరునాడు అతడు ఆగడు.

ఇప్పుడు మేము మిమ్ములను కోరునది ఒక చిన్న పుస్తకము. డీజిలు పుస్తకము ఇదివరకే ఉన్నచో అందులోనే ఒక గడి చేర్చుడు. తేదీ, బండి గంటల మీటరు, ఉదయము రేడియేటరులో పోసిన నీరు ఎంత, ఆయిలు కడ్డీ రంగు ఎట్లున్నది. డ్రైవరు వ్రాయును, కార్యదర్శి వారమునకొకసారి సంతకము చేయును, నెలసభలో ఒక సభ్యుడు చదివి వినిపించును. ఆ గడిలో సున్నలు వరుసగా ఉన్నంతకాలము మీరు చేయవలసినదేమియు లేదు. సున్న పోయి అర లీటరు వచ్చిన వారముననే మెకానిక్కును పిలువుడు. రేడియేటరు మార్పునకు బిల్లు వచ్చినప్పుడు పాత రేడియేటరును సభ ముందు ఉంచినగాని చెల్లింపరాదని తీర్మానించుకొనుడు. అనుమానమున్నచో నీరు నింపి ఒక రాత్రి ఉంచి చూచుట ఎవరైనను చేయగల పని.

మేము చెప్పిన గ్రామమున ఆ డ్రైవరుకు కోతపెట్టిన కూలి తరువాత ఇచ్చిరి. పుస్తకము కూడ పెట్టిరి. అందు మొదటి పుట అతని ఎడమచేతి వ్రాత; కుడిచేతి కట్టు అప్పటికి ఇంకను విప్పలేదు.

బయట వేపచెట్టు క్రింద ఈ ఊరి పంచాయతీ ట్రాక్టరు నిలిపియున్నది. ఇంజను ఆపి గంట దాటినది, పై హోసు చల్లబడినదని ఇప్పుడే కబురు వచ్చినది. అందరును దాని వద్దకు పోవుదము. మూత తీయుటకు మీలో ఒకరు ముందుకు రండి.